తాతగారి తాళపత్రాలకు బూజు పట్టింది, ఇంట్లో తలో మాట... ఏం చేయాలి?

కోనసీమ నుంచి ఒకావిడ నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వాళ్లది వశిష్ఠ గోదావరి గట్టుకు దగ్గర్లోని ఊరు, వందేళ్లు దాటిన మండువా లోగిలి. తాతగారు ఆయుర్వేద వైద్యులు. ఆయన కూర్చుని మందులిచ్చిన వీధి గదిలో అరవై దాకా తాళపత్రాల కట్టలు, మూడు నాలుగు వందల అచ్చు పుస్తకాలు, రోగుల వివరాలు రాసుకున్న నోటు పుస్తకాలు, అద్దాల ఫ్రేముల్లో పాత ఫొటోలు ఉన్నాయి. 2022 జులై వరదకు ఆ గదిలోకి రెండడుగుల నీళ్లొచ్చి నాలుగు రోజులు కదల్లేదు. తడిసినవాటిని నాన్నగారు పై అరల్లోకి సర్ది, కిటికీలు బిగించి, గదికి తాళం వేసేశారు. తర్వాత ఆ గది మాటెత్తితే ఊరుకునేవారు కాదట. నిరుడు ఆయన పోయారు. కర్మలన్నీ అయ్యాక తలుపు తీస్తే ముక్కిపోయిన వాసన గుప్పుమంది. గోడల మీద నల్లటి మచ్చలు, అట్టల మీద తెల్లటి నూగు.

అక్కడి నుంచి ఇంట్లో తలో మాట. హైదరాబాదులో ఉండే అన్నయ్య 2027 పుష్కరాల నాటికి ఇంటిని హోమ్‌స్టే చేద్దామంటున్నారు. వీధి గది గోడలకు మళ్లీ సిమెంటు పూయించి, ఏసీ పెట్టించి, తాళపత్రాలను అద్దాల బీరువాల్లో పెట్టి చిన్న మ్యూజియంలా చూపిద్దామని ఆయన ఆలోచన. బాబాయి "ఎవరికైనా ఇచ్చేసి వదిలించుకోండి" అంటున్నారు, పాత సామాన్లు కొనే ఒకతన్ని తీసుకొచ్చి ధర కూడా చెప్పించారు. అమ్మగారు "సరస్వతి గడప దాటడానికి వీల్లేదు" అని కూర్చున్నారు. ఈవిడ అమలాపురంలో టీచరు. ప్రతి ఆదివారం ఊరికి వెళ్లి ఒక్కరే శుభ్రం చేస్తున్నారు. ముందు చీపురుతో దులిపారు, తర్వాత బ్లీచింగ్ నీళ్లతో తుడిచారు. రెండు పుస్తకాలు చేతిలోనే పిండైపోయాయి. తాళపత్రం తుడిస్తే అక్షరాలు గుడ్డకు అంటుకుని వచ్చేశాయి. వెంట వెళ్లే పదకొండేళ్ల పాపకు పిల్లికూతలు మొదలయ్యాయి. "నాన్న వదిలేసింది బాగుచేస్తున్నానా, ఉన్నది కాస్తా నేనే నాశనం చేస్తున్నానా తెలియడం లేదు. శనివారం వస్తోందంటే టెన్షన్" అని ముగించారు.

సమాధానం:

అమ్మా, అన్నిటికంటే ముందు పాప సంగతి. రేపటి నుంచి పాప ఆ గదిలోకే కాదు, దాని పక్క గదిలోకి కూడా వెళ్లకూడదు. ఆదివారాలు పాపను అమలాపురంలోనే ఉంచండి. డాక్టరుకు చూపించేటప్పుడు బూజు పట్టిన గదిలో తిరిగిందని తప్పకుండా చెప్పండి, చెప్పకపోతే మామూలు జలుబు అనుకునే వీలుంది. బూజు నల్లగా ఉంటే విషమని, తెల్లగా ఉంటే పరవాలేదని ఒక మాట వినిపిస్తుంటుంది. రంగు చూసి అలా తేల్చలేం. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఏ రంగు బూజైనా చెడ్డదే, చచ్చిన బూజు పొడి కూడా పడదు. మీరు బ్లీచింగ్‌తో చంపాక కూడా పాపకు తగ్గకపోవడానికి కారణం అదే కావచ్చు.

ఇక మీ ఉత్తరంలో మీరు అలవోకగా రాసేసిన రెండు వాక్యాలు నన్ను పట్టుకున్నాయి. ఒకటి, "ఎనభయ్యారు వరదకు ఇంతకంటే ఎక్కువ నీళ్లొచ్చాయట, అప్పుడు ఏమీ కాలేదని అమ్మ అంటుంది." రెండోది, "2009లో అన్నయ్య పెళ్లికి కిటికీల ఎత్తు దాకా సిమెంటు పూయించి ప్లాస్టిక్ పెయింట్ వేయించాం." ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మీరు వెతుకుతున్న జవాబు చాలావరకు అక్కడే ఉంది.

అమ్మగారి జ్ఞాపకం తప్పు కాదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర వరద 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022లో 25 లక్షల పైచిలుకు. పెద్ద వరదను తట్టుకున్న గది చిన్న వరదకు ఎందుకు పాడైంది? అప్పుడు తాతగారు కట్టల్ని ముందే అటక ఎక్కించారని మీరే రాశారు, అది ఒక కారణం. రెండోది గోడ. మీ ఇంటి గోడలు ఇటుక, డంగు సున్నంతో కట్టినవి. అలాంటి గోడ నీళ్లు పీల్చుకుంటుంది, వరద తీశాక మెల్లగా రెండు వైపులా గాలికి వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూసి, పైన ప్లాస్టిక్ పెయింట్ వేస్తే పీల్చుకున్న నీరు బయటికి వచ్చే దారి మూసుకుపోతుంది. కింద నుంచి ఎక్కిన నెమ్ము సిమెంటు ఆగినచోటు దాకా పాకి అక్కడ బయటపడుతుంది. నల్ల మచ్చలు కిటికీ అంచు వెంబడి గీత గీసినట్టు ఉన్నాయని రాశారు చూడండి, ఆ గీత మీ సిమెంటు ఆగిన చోటే అయి ఉంటుంది.

దీనికి తోడు ఇంకో రెండు సంగతులు వెళ్లి చూడండి. మన ఊళ్లలో సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ కాస్త ఎత్తు పెరుగుతుంది, పాత ఇళ్లు గుంటలో పడిపోతాయి. మీ అరుగుకు ఒకప్పుడు ఎన్ని మెట్లుండేవో అమ్మగారిని అడగండి, ఇప్పుడు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి. అలాగే పెరటి వైపు ఈమధ్య చేపల చెరువో రొయ్యల చెరువో తవ్వి ఉంటే ఆ నీరు భూమిలోంచి గోడకు ఎక్కుతూనే ఉంటుంది. అప్పుడు వరద రాకపోయినా గది ఆరదు.

మన భాషలో ఒక చిక్కుంది. సాలెగూడును బూజంటాం, పచ్చడి మీద కట్టే తెల్లటి పొరనూ బూజే అంటాం. అందుకే బూజు అనగానే చెయ్యి చీపురు మీదకు పోతుంది. సాలెగూడు దులిపితే పోతుంది. ఇది ప్రాణమున్న శిలీంధ్రం, దులిపితే విత్తనాలు చల్లినట్టే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక గ్రంథాలయంలో నేనూ ఇదే పని చేశాను. ఒక బీరువాలో పుస్తకాలకు బూజు పడితే, ఫ్యాన్ వేసుకుని మెత్తటి గుడ్డతో శుభ్రంగా దులిపాను. వానలు ముదిరేసరికి ఎదురు వరసలోని బీరువాలకు కూడా పట్టింది. ఆ వరసలోని కొన్ని పుస్తకాలు ఇక ఎవరికీ పనికి రాలేదు. ఇన్నేళ్లయినా అది తలుచుకుంటే బాధే. కాబట్టి మీరు చేసినదానికి మిమ్మల్ని మీరు తిట్టుకోకండి, కానీ ఇకముందు చేయకండి.

ఈ బూజు విత్తనాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి, వాటిని లేకుండా చేయడం ఎవరి వల్లా కాదు. అవి మొలవాలంటే తేమ కావాలి. గాలిలో తేమ 65, 70 శాతం దాటి కొన్నాళ్లు నిలిస్తే చాలు, కాగితం మీద, బైండింగులో వాడిన మైదా జిగురు మీద, ఫొటోల పైపొర మీద మొలుస్తాయి. వానాకాలంలో మన దగ్గర 80 దాటడం మామూలే. అందుకే మీరు పోరాడాల్సింది బూజుతో కాదు, చెమ్మతో. గది ఆరితే బూజు నిద్రపోతుంది. ఆరకపోతే ఏ మందు కొట్టినా మళ్లీ వస్తుంది. సాంబ్రాణి పొగ, కలరా ఉండలు, వేపాకు, వస కొమ్ములు అన్నీ రాశారు. వాటిలో కొన్ని పురుగులకు పనికొస్తాయేమో గానీ చెమ్మను తీయలేవు. కలరా ఉండల వాసన పాపకు ఇంకా చేటు.

తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటర్లు కొన్ని వందల రూపాయలకే దొరుకుతాయి. రెండు కొనండి, ఒకటి గదిలో, ఒకటి అరుగు మీద నీడలో పెట్టండి. కార్తీకం దాటాక మనకు పొడి రోజులు మొదలవుతాయి. మంచు విడిపోయాక, పదకొండు నుంచి నాలుగు లోపు, బయటి అంకె లోపలి కంటే తక్కువ ఉన్నప్పుడు మాత్రమే వీధి వైపు కిటికీలు తెరవండి. మండువా వైపు తలుపు మూసి, కింది సందులో గుడ్డ దూర్చండి. ఒక కిటికీలో గాలిని బయటికి లాగే ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించండి. సీలింగ్ ఫ్యాన్ మాత్రం పుస్తకాలు శుభ్రం అయ్యేదాకా వేయొద్దు. బీరువాలను గోడకు జానెడు దూరం జరపండి.

ఇప్పుడు మీరు ఎక్కువ కుమిలిపోతున్న విషయం, గుడ్డకు అంటుకుని వచ్చేసిన అక్షరాలు. ఆ ఆకును తీసుకుని, గది కాస్త చీకటి చేసి, ఫోను టార్చిని ఆకు పక్క నుంచి వాలుగా పట్టండి. పైనుంచి కాదు, పక్క నుంచి. గీతలు కనిపిస్తాయి. మన వైపు తాళపత్రాల మీద సిరాతో రాయరు, గంటంతో గాటు పెడతారు, తర్వాత నూనెలో కలిపిన మసి రుద్దితే ఆ గాట్లలో నల్లగా నిలుస్తుంది. మీ గుడ్డకు అంటింది మసి. అక్షరం ఆకులోనే ఉంది. తెలిసినవాళ్ల చేతిలో మళ్లీ మసి పట్టిస్తే చదవొచ్చు. దయచేసి మీరు మాత్రం ప్రయత్నించకండి, బూజు పూర్తిగా తీయకుండా మసి రుద్దితే దాన్ని లోపలికి తోసినట్టవుతుంది.

శుభ్రం చేయడం ఎలాగో ఒక్క కట్టతో చెబుతాను. అరుగు మీద, గాలి మీ వీపు వైపు నుంచి వీధిలోకి పోయేలా కూర్చోండి. ఎన్95 మాస్కు, చేతులకు గ్లవ్స్, తలకు గుడ్డ. కింద న్యూస్‌పేపర్ పరవండి. ముందు మెత్తటి కుంచె కొసతో బూజును తాకి చూడండి. తడిగా, జిగటగా పులుముకుంటే అది ఇంకా బతికి ఉంది, ఆ రోజు దాని జోలికి పోవద్దు, నీడలో గాలి తగిలేలా ఆరనివ్వండి. పొడిలా రాలితే నిద్రపోయిందని అర్థం. అప్పుడు పైనున్న చెక్క తీసి, ఒక్కొక్క ఆకును బల్ల మీద పెట్టి, మధ్య నుంచి కొసలకు, ఆకు పొడవు వెంబడి, బరువు పెట్టకుండా కుంచెతో తోయండి. రెండు ఆకులు అతుక్కుని ఉంటే అక్కడితో ఆపేయండి. గోరుతో, కత్తితో విడదీస్తే ఒక ఆకు పొర రెండో ఆకుకు అంటుకుని రెండూ పోతాయి. ఎర్రటి ఎండలో పెట్టొద్దు, ఆకులు పెళుసెక్కి వంకర్లు పోతాయి. ప్లాస్టిక్ కవర్లో కట్టొద్దు, ఉతికిన నూలు గుడ్డలో వదులుగా చుట్టండి. పని అయ్యాక న్యూస్‌పేపర్ మడిచి కవర్లో కట్టి పారేయండి, ఆ బట్టలు విడిగా వేడి నీళ్లలో ఉతకండి. రోజుకు ఒక్క కట్ట అయితే చాలు. ఫొటోల మీద మాత్రం కుంచె కూడా పెట్టకండి. వాటి పైపొర జిలాటిన్, బూజు దాన్ని తిని మెత్తబరుస్తుంది, తాకితే బొమ్మే ఊడి వస్తుంది.

ఇక ఇంట్లోవాళ్ల మాటలు.

అన్నయ్య ఆలోచనలో ప్రేమ ఉంది, తాతగారి పేరు నలుగురికీ తెలియాలని ఉంది. కానీ అనుకున్నట్టుగా చేస్తే ఆ గదికి రెండోసారి అదే దెబ్బ. ఆరని గోడకు మళ్లీ సిమెంటు పూస్తే నెమ్ము ఇంకా పైకి, దూలాలు గోడలో దిగిన చోటుకు వెళ్తుంది, అక్కడ చెక్క కుళ్లడం మొదలైతే ఇంటికే ప్రమాదం. ఏసీ రాత్రీపగలూ ఆగకుండా నడిస్తే ఒక లెక్క. హోమ్‌స్టేలో అతిథులున్నప్పుడు వేస్తారు, లేనప్పుడు ఆపుతారు, మధ్యలో కరెంటు పోతుంది. చల్లబడిన బీరువా అద్దం మీదకు ఉక్కగాలి తగిలితే చెంబు మీద చెమట పట్టినట్టు నీళ్లు పడతాయి. ఫ్రాన్సులో లాస్కో గుహ అని ఉంది, వేల ఏళ్ల నాటి బొమ్మలకు పేరు. చూడటానికి వచ్చే జనం ఊపిరి తేమకు, దీపాలకు గోడలు పాడవుతున్నాయని 1963లో మూసేశారు. గాలిని అదుపు చేసే కొత్త యంత్రాలు పెట్టిన కాలంలోనే, 2001లో, అక్కడ తెల్లబూజు విరగబడింది. అంత నిపుణులున్న చోటే అలా జరిగింది. యంత్రం పెడితే గది చక్కబడుతుందనే భరోసా లేదని అన్నయ్యకు చెప్పండి.

ఆయనకు కాదని చెప్పే బదులు ఇలా అడిగి చూడండి. హోమ్‌స్టే లోపలి గదులతో మొదలుపెట్టొచ్చు కదా? వీధి గదిలో నీళ్ల మట్టం కంటే రెండడుగుల ఎత్తు దాకా సిమెంటు, పెయింటు కొట్టించి ఇటుకను గాలికి వదలాలి. కట్టడాలు బాగుచేసేవాళ్లు ఒక మోటు లెక్క చెబుతారు, గోడ అంగుళం మందానికి ఆరడానికి సుమారు నెల. మీది అడుగున్నర గోడ, సిమెంటు తీసిన రోజు నుంచి లెక్కేసుకోండి. ఆరుతున్నకొద్దీ ఇటుక మీద తెల్లగా ఉప్పు పూస్తుంది, దాన్ని పొడి బ్రష్షుతో దులపాలి తప్ప కడగకూడదు. ఆరాక సున్నంతోనే పూత, సున్నంతోనే వెల్ల. తాజా సున్నం ఘాటుకు బూజు మొలవదు, గోడకు ఊపిరీ ఆడుతుంది. సున్నం పని తెలిసిన మేస్త్రీలు తక్కువ, కూలి ఎక్కువ అవుతుంది, ఆ గది పుష్కరాల నాటికి చూపించేలా తయారు కాకపోవచ్చు. ఇది నష్టమే. కానీ ఆ నష్టం డబ్బులో, తేదీలో. రెండోదారిలో నష్టం తిరిగిరానిది.

బాబాయి మాటను కొట్టిపారేయకండి. ఆయన పిల్లల ఆరోగ్యం గురించి మాట్లాడుతున్నారు. ఇచ్చేయడం తప్పేమీ కాదు, ఎవరికి ఇస్తున్నారన్నదే ముఖ్యం. ఆ వ్యాపారికి మాత్రం వద్దు. 1972 పురావస్తు చట్టం ప్రకారం 75 ఏళ్లు దాటిన, విలువున్న రాతప్రతి పురావస్తువు కిందకే వస్తుంది. దాని వ్యాపారానికి లైసెన్సు కావాలి, దేశం దాటించడం నేరం. పైగా అలా వెళ్లిన కట్టలు ఆకులాకులుగా విడిపోతాయి, ఒక మందు తయారీ విధానం సగం ఒకచోట, సగం ఇంకోచోట. ఇవ్వదలిస్తే కాకినాడలో ఆంధ్ర సాహిత్య పరిషత్ మ్యూజియం ఉంది, 1911లో మద్రాసులో మొదలైన పరిషత్తు తర్వాత కాకినాడ చేరింది, తాళపత్రాలు అక్కడ ఉన్నాయి. కేంద్రం 2003లో రాతప్రతుల కోసం జాతీయ మిషన్ పెట్టింది, ఇప్పుడు జ్ఞాన భారతం పేరుతో ఆ పని నడుస్తోంది. ఎవరితో మాట్లాడినా మూడు మాటలు కాగితం మీద తీసుకోండి: ఏయే కట్టలు తీసుకున్నారో జాబితా, ఫొటో ప్రతులు మీ కుటుంబానికి ఇస్తారా, బూజు పట్టినవాటిని విడిగా ఉంచి బాగుచేసే ఏర్పాటు ఉందా. సంస్థకు ఇచ్చినంత మాత్రాన భద్రమైపోయినట్టు కాదు, వాళ్లకూ వానలు, కారే కప్పులు ఉంటాయి. మీకు మాత్రం ఆదివారాలు తిరిగి వస్తాయి, అది చిన్న విషయం కాదు.

అమ్మగారి మాట అన్నిటికంటే కష్టం, ఎందుకంటే అందులో నాన్నగారు ఉన్నారు. ఆయన గది మూసేశారు కాబట్టి ఇప్పుడు తెరవడం, తీసుకెళ్లడం ఆయన్ని తప్పుపట్టినట్టు ఆవిడకు అనిపిస్తోందేమో. వరద తర్వాత అలా తలుపులు మూసినవాళ్లను నేను చాలామందిని చూశాను. తండ్రి దాచమన్నది నీళ్లలో నానడం చూసినవాళ్లకు చేతులు ఆడవు. అది నిర్లక్ష్యం కాదు. ఆ మాట మీరే ఆవిడతో పైకి అనండి. కట్టలన్నీ ఇంట్లోనే ఉంచుకోవడం కూడా ఒక దారే. అలాగైతే ఏటా వానాకాలం నాలుగు నెలలు వారానికోసారి చూసే మనిషి కావాలి, వరద హెచ్చరిక వినగానే అటక ఎక్కించే మనిషి కావాలి, తడిసినదాన్ని 48 గంటల్లో ఆరబెట్టడం మొదలుపెట్టాలి. ఆ మనిషి మీరేనా, పదేళ్ల తర్వాత కూడా మీరేనా, నిజాయితీగా ఆలోచించుకోండి.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతాను. అన్నిటినీ కాపాడలేరు, కాపాడక్కర్లేదు. అచ్చు పుస్తకాల్లో చాలావాటికి మరో ప్రతి ఎక్కడో ఒకచోట ఉంటుంది. బాగా బూజు పట్టినవాటి పేర్లు రాసుకుని వదిలేయండి, అది పాపం కాదు. మీ తాతగారు రోగుల గురించి రాసుకున్న నోటు పుస్తకాలకు మాత్రం ప్రపంచంలో ఇంకో ప్రతి లేదు. వాటితో మొదలుపెట్టండి, తర్వాత తాళపత్రాలు. శుభ్రం చేసిన ప్రతి పేజీని, ప్రతి ఆకును నీడ వెలుగులో ఫోనుతో ఫొటో తీసి రెండు చోట్ల దాచండి. అది అయ్యాక కట్టలు ఎక్కడ ఉండాలన్న తగవు సగం చల్లారుతుంది. బాగున్న ఒక కట్టను దసరా సరస్వతీ పూజకు ఇంట్లోనే ఉంచి, మిగతావి సంస్థకు అప్పగించే దారి కూడా ఉంది. అమ్మగారు దానికి ఇప్పుడే ఒప్పుకోకపోవచ్చు.

వచ్చే ఆదివారం కుంచె పట్టుకోకండి. మీటర్లు రెండూ పెట్టి, గది గడప బయట కుర్చీ వేసుకుని అమ్మగారిని కూర్చోబెట్టుకోండి. మాస్కుతో మీరొక్కరే లోపలికి వెళ్లి కట్టలను ఒక్కొక్కటిగా గుమ్మం దగ్గరకు తెచ్చి, విప్పకుండా దూరం నుంచి చూపించండి. ఏ కట్టను మామగారు ఏమని పిలిచేవారో, ఏది ఎవరి జబ్బుకు తీసేవారో ఆవిడకు గుర్తుండే ఉంటుంది. చెప్పింది చెప్పినట్టు నోటు పుస్తకంలో రాసుకుని, దారం ముక్కతో చీటీ కట్టండి. వారం రోజుల మీటరు అంకెలు, ఆ జాబితా నాకు పంపండి. ఏ కట్ట ముందో అప్పుడు కూర్చుని చూద్దాం.